మన యువతీ యువకులకు ‘సైటు’ ఎందుకు వస్తున్నది?
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు మమ్మల్ని ఆదేశించారు. ఆరోగ్యం అనగానే బి.పి., షుగరు గుర్తుకొస్తాయి. వాటిని గురించి మన సభల్లో ఇదివరకే పెద్ద డాక్టర్లు చెప్పి ఉన్నారు. మేము డాక్టర్లం కాము. బడిలో నల్లబల్ల ముందు నిలబడి పాఠాలు చెప్పి రిటైరైన వాళ్లం. అందుచేత మాకు బాగా ఎరుకైన ఒక సంగతినే ఎంచుకున్నాము. అది మన పిల్లల కండ్ల సంగతి. దగ్గరిది కనపడి దూరానిది మసకగా కనపడటాన్ని పుస్తకాల్లో హ్రస్వదృష్టి అంటారు. మన బజార్లో ‘సైటు వచ్చింది’ అంటారు. ఇండ్లల్లో ‘నజర్ కమ్‌జోర్ హో గయీ’ అంటారు. పేరు ఏదైనా జబ్బు ఒక్కటే.

మొదట మా ఇంట్లో జరిగిన ముచ్చట చెప్పనివ్వండి. దీంట్లో తప్పు మాదే గనుక చెప్పడానికి మాకు అభ్యంతరం లేదు.

మా చెల్లెలి కొడుకు ఒక ఉద్యోగ ఎంపికకు పోయినాడు. పరుగులో నెగ్గినాడు, దూకుడులో నెగ్గినాడు, రాత పరీక్షలోనూ నెగ్గినాడు. చివరికి కండ్ల పరీక్షలో గోడ మీది అక్షరాలు చదవమంటే పై రెండు వరుసలు దాటలేకపోయినాడు. ఇంటికొచ్చి తల వంచుకుని ఒక మాట అన్నాడు: “మామూ, అందరికీ ఇట్లనే కనపడ్తదనుకున్న.” ఆ మాట మమ్మల్ని ఈనాటికీ విడిచిపెట్టలేదు. ఎందుకంటే ఆ పిల్లవాడు మా క్లాసులోనే రెండేండ్లు కూర్చున్నాడు. బోర్డు మీది లెక్కను పక్కవాని నోటుపుస్తకం చూసి రాసుకునేవాడు. కాపీ కొడుతున్నాడని మేము వాని చెవి మెలిపెట్టినాము. వానికి బోర్డు కనపడుత లేదన్న ఆలోచన మాకు రానే లేదు. ఒక్కసారి లేపి, “బేటా, కిటికీలోంచి ఆ వేపచెట్టు కొమ్మ మీద ఏమున్నదో చెప్పు” అని అడిగి ఉంటే ఆనాడే తెలిసిపోయేది.

ఇటువంటి పిల్లలు ఈ సభలోనూ ఉండి ఉంటారు. వాళ్ల కోసమే ఈ మాటలు.

కన్ను ఎట్లా పనిచేస్తుందో ముందుగా చూద్దాం. పూర్వం చాలామంది పండితులు కంటిలోంచి కిరణాలు బయటికి పోయి వస్తువును తాకుతాయని నమ్మేవారు. బస్రాలో పుట్టి కైరోలో జీవించిన ఇబ్న్ అల్-హైథమ్ 11వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ‘కితాబ్ అల్-మనాజిర్’ అనే గ్రంథం రాసి ఆ మాట తప్పని వాదించాడు. వెలుతురే వస్తువు మీది నుంచి కంటిలోకి వస్తుందని ప్రయోగాలతో చూపాడు. ఆ గ్రంథం లాటిన్ భాషలోకి పోయి యూరపు వాళ్లకు పాఠ్యగ్రంథమైంది. తరువాత 1604లో జర్మను శాస్త్రజ్ఞుడు కెప్లర్, వెలుతురు కంటి వెనుక గోడ మీద బొమ్మగా పడుతుందనీ, హ్రస్వదృష్టి ఉన్నవారికి ఆ బొమ్మ గోడకు ముందే ఏర్పడుతుందనీ వివరించాడు.

ఇంతకూ బొమ్మ ముందే ఎందుకు ఏర్పడుతుంది? చాలామందిలో కారణం కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి కాస్త పొడుగు పెరగటమే. పెద్దవారి కన్ను పొడుగు సుమారు 24 మిల్లీమీటర్లు. అది ఒక్క మిల్లీమీటరు ఎక్కువైతే చాలు, రెండున్నర నుంచి మూడు వరకు మైనస్ నంబరు వస్తుంది. ఒక్క మిల్లీమీటరంటే జొన్న గింజలో నాలుగో వంతు ఉంటుందేమో! ఒకసారి పొడుగైన కన్ను మళ్లీ పొట్టిది కాదు. ఆకులు, పసర్లు పోసినా, కంటి కసరత్తులు చేసినా వెనక్కి రాదు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం మోసాల నుంచి తప్పించుకోవచ్చు.

నలభై ఏండ్లు దాటిన వాళ్లకు దగ్గరి అక్షరాలు కనపడకపోవటం చత్వారం. అది వేరు. తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న మొదలుపెట్టిన కంటి వెలుగు శిబిరాల్లోనూ, 2023 జనవరిలో మొదలైన రెండో విడతలోనూ మన పెద్దవాళ్లు చాలామంది దగ్గరి చూపు అద్దాలు తెచ్చుకున్నారు. మేము చెప్పేది పిల్లలకూ పడుచువాళ్లకూ వచ్చే సైటు గురించి.

మన ప్రాంతానికి ఈ విషయంలో ఒక చరిత్ర ఉన్నదని చాలామందికి తెలియదు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వారు పల్లెల్లో కంటి వైద్యం అందించడానికి తమ మొట్టమొదటి గ్రామీణ కేంద్రాన్ని 1996లో మన పొరుగునే ఉన్న ముధోల్‌లో నెలకొల్పారు. ఆ సంస్థే 1996 నుంచి 2000 దాకా అన్ని వయసుల వారిలో 10,293 మందిని పరీక్షించి ఆంధ్రప్రదేశ్ నేత్ర వ్యాధుల సర్వే జరిపింది. హైదరాబాదు, పశ్చిమ గోదావరి, మహబూబ్‌నగర్‌లతో పాటు అప్పటి మన ఆదిలాబాదు జిల్లా కూడా అందులో ఉన్నది. ఆ లెక్క ప్రకారం 15 ఏండ్ల లోపు పిల్లల్లో హ్రస్వదృష్టి నూటికి 3 మందికి మాత్రమే ఉన్నది. 15 దాటిన వాళ్లలో నూటికి 19 మందికి ఉన్నది. అయితే నలభై దాటిన వారిలోనే అది హెచ్చు. మోతిబిందు ముదిరేటప్పుడు కూడా కంటికి మైనస్ నంబరు వస్తుంది గనుక, ఆ లెక్కలో దాని వంతు కూడా పెద్దదే.

అంటే ఆ రోజుల్లో మన దగ్గర సైటు ఎక్కువగా ముసలివాళ్ల సంగతి. తరువాత ఏమైంది? అదే సంస్థకు చెందిన పరిశోధకులు దేశంలో జరిగిన సర్వేలన్నీ కూర్చి 2021లో ఒక లెక్క ప్రచురించారు. పట్టణాల్లో 5 నుంచి 15 ఏండ్ల పిల్లల్లో హ్రస్వదృష్టి 1999లో నూటికి 4 మందికి ఉంటే, 2019 నాటికి 21 మందికి చేరింది. ఇదే తీరున పోతే 2050 నాటికి 48 మందికి ఉంటుందని అంచనా వేశారు. ఇరవై ఏండ్లలో ఐదు రెట్లు! రక్తంలో వచ్చే గుణం ఇరవై ఏండ్లలో మారదు. కాబట్టి మన బతుకు తీరులోనే ఏదో మారింది. ఆ మారినవేమిటో ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది వంశం. తల్లికో తండ్రికో సైటు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. ఇద్దరికీ ఉంటే ఇంకా ఎక్కువ. దీన్ని మనం మార్చలేము. కానీ అటువంటి ఇండ్లలో పిల్లల్ని చిన్నప్పుడే పరీక్ష చేయించాలి. అది మన చేతిలో ఉన్నది.

రెండోది చదువు. చదువు చెప్పి బతికిన మేమే ఈ మాట అనటం కొందరికి వింతగా తోచవచ్చు. బ్రిటనులో దాదాపు 68 వేల మంది వివరాలతో చేసిన పరిశోధన 2018లో వచ్చింది. చదివిన ప్రతి ఏడాదికీ చూపు మైనస్ వైపు దాదాపు పావు నంబరు జరుగుతుందని, చదువే దానికి కారణమని అది తేల్చింది. ఇజ్రాయేలులో 1993లో ప్రచురించిన పరిశోధనలో, మత పాఠశాలల్లో రోజంతా గ్రంథాల మీద వంగి చదివే అబ్బాయిల్లో నూటికి 81 మందికి హ్రస్వదృష్టి కనపడింది. మామూలు బడుల అబ్బాయిల్లో అది 27 మాత్రమే. ఈ సంగతి విని ఎవరూ చదువు మాన్పించవద్దు. సైటుకు అద్దాలు ఉన్నాయి, చదువు లేనితనానికి ఏ అద్దాలూ లేవు. బడి పిల్లలైనా, హిఫ్జ్ చేసే పిల్లలైనా, పోటీ పరీక్షలకు చదివే పడుచువాళ్లైనా, చదివే తీరు మార్చుకోవాలన్నదే మా మాట.

ఆ తీరు ఎట్లా ఉండాలి? ఆస్ట్రేలియాలోని సిడ్నీలో బడి పిల్లల్ని పరీక్షిస్తే, పుస్తకాన్ని 30 సెంటీమీటర్ల కంటే దగ్గర పెట్టుకుని చదివేవాళ్లలోనూ, అరగంటకు మించి ఆపకుండా చదివేవాళ్లలోనూ సైటు ఎక్కువగా కనపడింది. మన పిల్లలు పడుకుని సెల్‌ఫోను ముక్కు మీద పెట్టుకుంటే అది 20 సెంటీమీటర్లు కూడా ఉండదు. ఫోనులోంచి విషం ఏదో వస్తుందని కాదు. అంత దగ్గరగా, అన్ని గంటలు, తల ఎత్తకుండా చూడటమే చెరుపు. పుస్తకమైనా అంతే.

మూడోదీ, మా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైనదీ ఆకాశం కింద గడపకపోవటం. చైనా వంశపు పిల్లలే, ఒకే వయసు, 6-7 ఏండ్లు. సింగపూరులో ఉన్నవాళ్లలో నూటికి 29 మందికి సైటు ఉన్నది. సిడ్నీలో ఉన్నవాళ్లలో 3 మందికే ఉన్నది. వంశం ఒకటే గదా, మరి తేడా ఎక్కడ? సిడ్నీ పిల్లలు పుస్తకాలు తక్కువేమీ చదవలేదు. కానీ వారానికి దాదాపు 14 గంటలు బయట గడిపేవారు. సింగపూరు పిల్లలు 3 గంటలే గడిపేవారు. ఇది 2008లో వెలువడిన లెక్క. తరువాత చైనాలోని గ్వాంగ్‌జౌలో కొన్ని బడుల్లో రోజూ 40 నిమిషాలు అదనంగా పిల్లల్ని బయటికి పంపారు. మూడేండ్లకు చూస్తే మామూలు బడుల్లో నూటికి 39 మందికి పైగా కొత్తగా సైటు వచ్చింది, ఈ బడుల్లో 30 మందికి వచ్చింది. తైవాన్ ప్రభుత్వం 2010 నుంచి బడి పిల్లలు రోజుకు రెండు గంటలు బయట ఉండాలని కార్యక్రమమే పెట్టింది.

బయట ఏమున్నది? వెలుతురు ఉన్నది. మన ఇంట్లో ట్యూబులైటు కింద వెలుతురు కొన్ని వందల లక్సులు. పట్టపగలు ఆకాశం కింద పదివేలు దాటుతుంది. చెట్టు నీడలో కూర్చున్నా ఇంటి లోపలికంటె ఎన్నో రెట్లు ఎక్కువే. ఆ వెలుతురు పడ్డప్పుడు కంటి లోపలి పొరలో డోపమైన్ అనే పదార్థం విడుదలై కనుగుడ్డు పొడుగు పెరగకుండా ఆపుతుందని, జంతువుల మీద చేసిన ప్రయోగాల ఆధారంగా శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. 2020లో కరోనా వల్ల పిల్లలు ఇండ్లల్లో ఉండిపోయినప్పుడు చైనాలో ఒక ప్రాంతంలో ఆరేండ్ల పిల్లల్లో నూటికి 21 మందికి సైటు కనపడింది. అంతకుముందు ఐదేండ్లలో అది ఎప్పుడూ 6 దాటలేదు.

నాలుగోది వయసు. “ఇరవై దాటింది గదా, ఇక నంబరు రాదు, పెరగదు” అని చాలామంది అనుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో 20 ఏండ్ల వాళ్లను పరీక్షించి, మళ్లీ 28 ఏండ్లకు పరీక్షించారు. 20 ఏండ్లకు సైటు లేనివాళ్లలో నూటికి 14 మందికి 28 లోపల కొత్తగా వచ్చింది. మొత్తం మీద నూటికి 38 మందికి కనీసం ఒక కంట్లో అర నంబరైనా మైనస్ వైపు జరిగింది. ఎవరికి ఎక్కువ? తల్లిదండ్రులకు సైటు ఉన్నవాళ్లకు, తూర్పు ఆసియా వంశపు వాళ్లకు, ఎండ తక్కువ తగిలిన వాళ్లకు, ఆడవాళ్లకు. ఆ లెక్క 2022లో వచ్చింది.

మన పక్కనే బాసరలో 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చింది. పదో తరగతి కాగానే పల్లె పిల్లలు ఆరేండ్ల చదువుకు పోతున్నారు. అక్కడ మన పిల్లలు సీటు తెచ్చుకుంటే మనకు గర్వమే. నిజామాబాదుకో హైదరాబాదుకో పోయి కోచింగుల్లో చదివేవాళ్లూ ఉన్నారు. పదహారు నుంచి ఇరవై నాలుగేండ్ల మధ్య పుస్తకం, కంప్యూటరు తప్ప వేరే లోకం ఉండదు. కన్ను మారే వయసూ అదే. వాళ్లు ఏడాదికొకసారి పరీక్ష చేయించుకోవాలి.

ఆడపిల్లల మాట ప్రత్యేకంగా చెప్పాలి. పన్నెండేండ్లు దాటితే మన ఆడపిల్లకు బడి, ట్యూషను, వంటిల్లు, ఇంతే. పర్దాను గూర్చి మేము ఏమీ అనటం లేదు. ఇంటి వాకిలి, మిద్దె, పెరడు, ఇవి మనవే గదా? పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట మిద్దె మీద చదువుకోనివ్వండి, చెల్లెండ్లతో ఆడుకోనివ్వండి. కంటికి కావలసింది మైదానమే కాదు, ఆకాశపు వెలుతురు. మన భైంసా ఎండాకాలం సంగతి అందరికీ ఎరుకే. మిట్టమధ్యాహ్నం పంపమనటం లేదు. సూర్యుని వైపు సూటిగా చూడమని అసలే అనటం లేదు.

ఇక రెండో బాధ. “చష్మా పెడితే సంబంధాలు రావు” అని కొందరు తల్లులు బిడ్డ అద్దాలను బీరువాలో దాస్తారు. ఒక తల్లి మాతోనే అన్నది, “నిఖా అయినంక పెట్టుకుంటది సార్” అని. ఆ అమ్మాయి అప్పుడు ఇంటరు చదువుతున్నది. బోర్డు కనపడక ఆమె మార్కులు పడిపోయినాయి. మార్కులు పడిపోతే చదువు మాన్పించినారు. అద్దం దాచినందుకు ఒక చదువు పోయింది. మగపెండ్లివారిని మేము అడుగుతున్నాము: మీ ఇంట్లో మగపిల్లవానికి చష్మా లేదా? వానికి ఉంటే చదువుకున్నవాడు, ఆమెకు ఉంటే లోపమా?

“అద్దాలు పెడితే నంబరు పెరుగుతది” అనే మాట కూడా తప్పు. కన్ను పెరుగుతున్నది గనుక నంబరు పెరుగుతుంది, అద్దం వల్ల కాదు. మలేసియాలో కొందరు పిల్లలకు కావాలనే తక్కువ నంబరు అద్దాలిచ్చి చూశారు. 2002లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం వాళ్లకు లాభం లేకపోగా కొంచెం ఎక్కువే పెరిగింది. కాబట్టి డాక్టరు రాసిన నంబరే పెట్టుకోవాలి. అన్న పాత అద్దాలు తమ్మునికి పెట్టటం, సంతలో ఏదో ఒకటి కొని పెట్టటం పనికిరాదు.

సైటును చిన్న సంగతిగా తీసుకోరాదు. మైనస్ 6 దాటితే కన్ను బాగా సాగి ఉంటుంది. లోపలి పొర పల్చబడి చినగవచ్చు, ఊడిపోవచ్చు. నీటికాసులు వచ్చే అవకాశమూ హెచ్చుతుంది. కండ్ల ముందు హఠాత్తుగా నల్లటి చుక్కలు ఎక్కువగా తేలినా, మెరుపులు మెరిసినా, ఒక పక్క నుంచి తెర పడినట్టున్నా ఆ రోజే కంటి ఆసుపత్రికి పోవాలి, రేపు అనవద్దు. లేజరు ఆపరేషను చేయించుకుంటే అంతా పోతుందని పడుచువాళ్లు అనుకుంటారు. నంబరు నిలకడకు వచ్చిన పెద్దవాళ్లకు, డాక్టరు తగునంటే అది అద్దాల అవసరం తీసేస్తుంది. కానీ అది కంటి ముందు పొర వంపును మారుస్తుంది, కన్ను పొడుగును మార్చదు. లోపలి అపాయం అట్లనే ఉంటుంది. చిన్నపిల్లల్లో నంబరు పెరుగుదలను తగ్గించడానికి అట్రోపిన్ చుక్కలు చాలా తక్కువ మోతాదులో వాడుతున్నారు. అది డాక్టరు రాస్తేనే వేయాలి, దుకాణంలో అడిగి తెచ్చుకునే మందు కాదు.

ఇప్పుడు ప్రతి ఇంటివారినీ మేము కోరేవి కొన్ని ఉన్నాయి.

బస్టాండుకు పోయినప్పుడు మీ పిల్లవాన్ని ఒక కన్ను మూసుకుని నిర్మల్ బస్సో, నిజామాబాద్ బస్సో, బాసర బస్సో బోర్డు చదివి చెప్పమనండి. తరువాత రెండో కన్ను మూయించండి. మీకు కనపడి వానికి కనపడకపోతే వెంటనే చూపించండి. కండ్లు చిట్లించి చూసినా, టి.వి. దగ్గరికి జరిగినా, పక్కవాని పుస్తకం చూసి రాసినా తిట్టకండి, పరీక్ష చేయించండి. ఏటా జూన్‌లో బడికి పుస్తకాలు కొనేటప్పుడే కండ్ల పరీక్ష కూడా అయిపోవాలి. చదివేటప్పుడు పుస్తకానికి మూరెడు దూరం, అరగంటకొకసారి లేచి దూరపు చెట్టునో గుట్టనో కాసేపు చూడటం అలవాటు చేయండి. పగటి వెలుతురులో రోజుకు రెండు గంటలు బయట ఉండాలి.

మన సొసైటీ పెద్దలకు రెండు విన్నపాలు. ఒకటి, స్కాలర్‌షిప్పు దరఖాస్తుతో పాటే ప్రతి విద్యార్థికీ కండ్ల పరీక్ష చేయించే ఏర్పాటు. రెండు, అద్దాలు కొనలేని ఇండ్ల కోసం చిన్న చష్మా నిధి. మన ఉత్తర తెలంగాణలో ఎంతమంది తల్లులు చాటలో ఆకు పెట్టుకుని, వెయ్యి బీడీల లెక్క కోసం వంగి వంగి తమ కండ్లు అలసట చేసుకుని పిల్లల ఫీజు కడుతున్నారో మీకు తెలుసు. ఆ తల్లి కట్టిన ఫీజు, బోర్డు కనపడక వృథా పోవద్దు. ఆ నిధికి మొదటి చందా మా పింఛను నుంచి ఇస్తున్నాము. ఇది దానం కాదు, ఒక చెవి మెలిపెట్టినందుకు మేము బాకీ ఉన్న సొమ్ము.

మా మేనల్లుడు ఇప్పుడు ఒక జిన్నింగు మిల్లులో లెక్కలు రాస్తున్నాడు, అద్దాలు పెట్టుకున్నాడు. మొదటి రోజు అద్దాలతో ఇంటికొస్తూ, “మామూ, చెట్టుకు ఆకులు వేర్వేరుగ కనపడ్తున్నయ్” అన్నాడు. ఇరవై రెండేండ్ల వానికి ఆకు కనపడింది అప్పుడే. ఇక మీద మన ఊరిలో ఏ పిల్లకూ పిల్లవానికీ అంత ఆలస్యం కాకూడదని కోరుకుంటున్నాము.